ముందు విప్పడం

పెద్దమ్మ పోయిన నలభయ్యో రోజు ఫాతిహా అయిపోయి, చుట్టాలంతా ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయిన మర్నాడు, మా అన్నయ్య కూతురు నస్రీన్ ఫోను పట్టుకుని వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. ఇంట్లో ఇంకా సాంబ్రాణి వాసన పోలేదు. నేను పెద్దమ్మ సూదుల డబ్బా ముందేసుకుని తుప్పు పట్టినవి ఒక పక్కకి, పనికొచ్చేవి ఒక పక్కకి వేరు చేస్తున్నాను. ఏడో తరగతి పిల్లకి సూదులతో ఏం పని. ఫోను నా మోకాలి మీద పెట్టింది. తెర మీద ఒక ఆడపిల్ల చేతికర్ర పట్టుకుని ఏదో ఊరి వాకిట్లో నిలబడి ఉంది. కింద వరసగా కత్తి, విల్లు, మంత్రం, వైద్యం, వంట. దేశదేశాల వాళ్ళు ఒకేసారి కలిసి ఆడే ఆట. మన తరఫున అందులో తిరిగే మనిషికి కొన్ని పాయింట్లు ఇస్తారు, ఏ విద్యకి ఎన్ని పెడితే ఆ మనిషికి ఆ విద్య అంత పట్టుబడుతుంది.

"అత్తా, ముందు దేనికి పెట్టమంటావు?"

"ఆలోచించి పెట్టమ్మా. ఒకసారి పెట్టాక వెనక్కి రావు."

నవ్వింది. "ఇప్పుడలా ఏం లేదత్తా. నచ్చకపోతే అన్నీ వెనక్కి తీసేసుకోవచ్చు. ఒక యాడ్ చూస్తే చాలు."

ఆ మాట దగ్గరే నా చెయ్యి ఆగిపోయింది. డబ్బా అడుగున, గుడ్డపీలికలో చుట్టి, ఒక దబ్బనం దొరికింది. పరుపులు కుట్టే జానెడు సూది. దీని మొన మాత్రం కావాలనే రాతి మీద అరగదీసి ఉంది, చర్మానికి తగిలినా గుచ్చుకోనంతగా. అది నా కోసం అరగదీసిన దబ్బనం. ఇన్నేళ్ళు ఆవిడ దాచిందని నాకు తెలియదు. "రేపు చెప్తాలే" అని పిల్లని పంపించేశాను. చెప్పాలంటే ముందు నేను ఒకసారి అన్నీ గుర్తు చేసుకోవాలి.

మేం దూదేకులవాళ్ళం. దర్శిలో మా ఇల్లూ కొట్టూ ఒకటే. ముందు గదిలో పరుపులు, వెనక గదిలో కాపురం, మధ్య గదిలో ఏ కాలానికి ఏది అవసరమైతే అది. నాయన విల్లు పట్టి దూది ఏకుతుంటే ఆ తంతి మోతకి మా చెవులు ఎంత అలవాటు పడ్డాయంటే, మధ్యాహ్నం పడుకున్నప్పుడు అది ఆగితేనే మెలకువ వచ్చేది. మిరపకాయలు ఆరబోసే కాలంలో ఊరంతా ఘాటుకి తుమ్మేది, మా ఇంట్లో మాత్రం దూది నుసికి ఏడాది పొడుగునా తుమ్ములే. అమ్మ పొద్దున్నే కాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. సాయంత్రం వచ్చి ఎంత కొబ్బరినూనె రాసుకున్నా ఆ మంట ఆమె వేళ్ళని వదిలేది కాదు. మా ఒంటికి తగిలితే మండుతుందని మమ్మల్ని చేత్తో ముట్టుకునేది కాదు, మోచేత్తో దగ్గరికి లాక్కునేది. ఇప్పటికీ ఎవరైనా ఆప్యాయంగా మోచెయ్యి తగిలిస్తే నాకు అమ్మే గుర్తొస్తుంది. చేతుల్తో పెంచింది మాత్రం పెద్దమ్మ. అమ్మకి అక్క. మొగుడు పోయాక పిల్లాజెల్లా లేక మా ఇంటికి వచ్చి, ఇక మా ఇంటి మనిషే అయిపోయింది. తెల్లవారుజామున నమాజు చేసుకుని, జపం పూసల తస్బీ గోడ మేకుకి తగిలించి, మెడలో దారపు చుట్ట వేసుకుని ముందు గదిలోకి వచ్చేది. ఆ చుట్ట మెడలో పడిందంటే మాకు ఆ రోజు మొదలైనట్టు.

నాకు ఏడో తరగతి సెలవుల్లో మెదడువాపు జ్వరం వచ్చింది. బతకడమే అల్లా దయ, ఆ సంవత్సరం మా వీధిలో అందరికీ ఆ దయ దక్కలేదు. జ్వరం పోతూ పోతూ నా కుడిచేతిని మూసేసి పోయింది. బొటనవేలు లోపలికి ముడుచుకుని, మిగతా వేళ్ళు దాని మీద బిగుసుకుని, పిడికిలి గుండెల దగ్గరికి వచ్చి అక్కడే ఉండిపోయింది. మందుల మగతలో బడి పోయింది, వచ్చిన అక్షరాలు కూడా పోయాయి. మగత తగ్గేసరికి నా ఈడు వాళ్ళు ముందుకి వెళ్ళిపోయారు. వాళ్ళ వెనక తరగతిలో కూర్చోవడానికి నాకు మనసొప్పలేదు, పంపడానికి నాయనకి ధైర్యం చాలలేదు. అలా నా చదువు పెద్దమ్మ దగ్గరికి వచ్చింది. ఏకిన దూది చాప మీద సాపుగా పరిచి దాని మీద వేలితో అరబ్బీ అలిఫ్ గీసేది, తెలుగు అ గీసేది. నేను ఎడమ చేత్తో దిద్దేదాన్ని. తప్పు పోతే అరచేత్తో ఒక్కసారి తట్టేది, తప్పు కనపడకుండా పోయేది. మళ్ళీ తెల్లటి చోటు. తప్పు అంటే భయం లేకుండా చదువుకున్నాను. అలాంటి పలక ఎంతమందికి దొరుకుతుంది.

రెండేళ్ళు గడిచాక గుంటూరు ఆస్పత్రిలో పెద్ద డాక్టరుగారు చెయ్యి అటూ ఇటూ వంచి చూసి, వేసవి దాటినా వేళ్ళు తెరుచుకోకపోతే ఆపరేషన్ చేద్దామన్నారు. వేళ్ళని లాగిపట్టిన నరాలు వదులు చేస్తారట. చెయ్యి సాపుగా వస్తుంది, పట్టు మాత్రం చాలావరకు పోవచ్చు. ఉన్నది ఉన్నట్టు చెప్పారు, అందుకు ఆయనకి నేను రుణపడే ఉన్నాను. ఇంటికి వచ్చిన రోజు సాయంత్రం నాయన పెద్దమ్మతో మాట్లాడటం నేను మధ్య గదిలోంచి విన్నాను.

"సాపుగా ఉంటే చాలు వదినా. నలుగుర్లో కూర్చుంటే పిల్ల చెయ్యి కొంగు కింద దాచుకుంటా ఉంది. నేను చూడలేకపోతన్నా."

"చూసేవాళ్ళకి సాపుగా ఉంటే సరిపోద్దా అయ్యా? దానికి పనికి రావద్దా?"

"ఇప్పుడు మాత్రం ఏం పనికొస్తంది?"

"బిగపట్టడం వచ్చుగా. ఇంకోటి వస్తే చాలు. వేసవి దాటేదాకా నాకు వదిలెయ్యి."

నాయన విల్లు తీసి మళ్ళీ మోత మొదలుపెట్టాడు, పొద్దుగూకాక ఏకే అలవాటు ఆయనకి లేకపోయినా. నేను పిడికిలి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దాన్ని సాపు చేసి గోడకి వేలాడే చొక్కా చెయ్యిలా మార్చేస్తారని నా భయం. సూది పట్టాలని, అన్నం కలుపుకోవాలని, తస్బీ పూసలు కుడిచేత్తోనే లెక్కపెట్టాలని నాకు ఉండేది. ఎడమచేత్తో తింటుంటే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. అనకపోవడమే నాకు మాటపడ్డట్టు ఉండేది.

మా పని చేసేవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలకి ముందు కుట్టడం నేర్పరు. విప్పడం నేర్పుతారు. కొత్త పరుపులకంటే పాత పరుపులే ఎక్కువ వచ్చేవి మాకు. ఏళ్ళ తరబడి పడుకుని అట్టలు కట్టిన దూదిని తీసి, ఎండబెట్టి, ఏకి, మళ్ళీ నింపాలి. అందుకు ముందు కుట్లు విప్పాలి. కత్తెర ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. ముడి ఎక్కడుందో వేలితో తడిమి, దాని కిందకి దబ్బనం పోనిచ్చి, దారం తెగకుండా బారుగా లాగి పుల్లకి చుట్టాలి. ఆ దారమే మళ్ళీ దిండ్లకి పనికొచ్చేది. గుడ్డ చిరగకూడదు, దారం తెగకూడదు, లోపల ఏం దొరికినా పైకి అనకూడదు. పిన్నీసులు, చెవి దిద్దు సీలలు, పసిపిల్లల పాలపళ్ళు, ఎవరో ఎందుకో దాచిన తాయెత్తులు అన్నీ ఒక సత్తు గిన్నెలో వేసి, పరుపుతో పాటు మాట్లాడకుండా ఇచ్చెయ్యాలి. ఒక్కో ఇంటి పరుపుకి ఒక్కో వాసన. అమృతాంజనం, ఆముదం, ఉచ్చ, కన్నీళ్ళకి కూడా ఒక వాసన ఉంటుందని పెద్దమ్మ అనేది. పాత పరుపు ముందు కూర్చోగానే ఆవిడ బిస్మిల్లా అని దాని మీద అరచెయ్యి పెట్టేది, జ్వరం చూసినట్టు. "విప్పడం రానోళ్ళు కుడితే అది ముడే అవుద్ది గాని కుట్టు అవదు" అని ఆవిడ వాదన. మేనమామల పిల్లలు కుట్టుపనికి వస్తే ఏడాది దాకా సూదిలో దారం ఎక్కించనిచ్చేది కాదు.

అన్నయ్య పేరు సైదులు. ఆ రోజుల్లో మధ్య గదిలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. నాలుగు కంప్యూటర్లు, మధ్యమధ్య ప్లైవుడ్ చెక్కలు, ఒక కూలరు. హాల్‌టికెట్లు, ఫలితాలు, రిజర్వేషన్లు. మధ్యాహ్నాలు ఖాళీగా ఉండేది. ముందు గదిలో ఏకే దూది నుసి గాలికి లేచి కంప్యూటర్ల ఫ్యాన్లలో చేరేది. వారానికోసారి మిషను విప్పితే లోపల చిన్న దిండుకి సరిపడా దూది.

"పెద్దమ్మా, మీ దూది నా మిషన్లను చంపేస్తా ఉంది."

"ఊరికే నింపి పెడతంటే ఏడుస్తావేందిరా. బయట అడుగు, దిండుకి ఎంత తీసుకుంటారో."

నాకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది అన్నయ్యే. అందుకే నాకు అవి పుస్తకంలో వరసన కాకుండా కీబోర్డు వరసన ముందు వచ్చాయి. ఇప్పటికీ నిఘంటువు తీస్తే ఒక్క క్షణం తడబడతాను. ఆ మధ్యాహ్నాల్లో వాడూ వాడి స్నేహితులూ ఒక ఆట ఆడేవాళ్ళు. జట్టుకి ఒక మనిషి తక్కువయ్యాడని, నేను ఎలాగూ ఊరికే కూర్చున్నానని, నాకూ ఒక మనిషిని తయారు చేశాడు. పొట్టి జుట్టు, గోధుమ రంగు అంగీ. పేరు ఏం పెట్టమంటావంటే దూది అన్నాను. దూది ఊరి వాకిట్లో నిలబడింది. పక్కన పాయింట్లు, కింద విద్యలు.

"మీరా, కత్తికి పెట్టవే. కత్తి లేకపోతే పొలిమేర కూడా దాటలేవు. మొదట్లో అందరూ కత్తికే పెడతారు."

"తర్వాత మార్చుకోవచ్చా?"

"లేదు. పెట్టిందంతే."

నేను ఎడమచేత్తో మౌసు పట్టుకుని ఆ వరసంతా కిందికి జరుపుకుంటూ పోయాను. కత్తి, గొడ్డలి, విల్లు, నిప్పు, మందులు, వంట, చేపలు పట్టడం. అన్నిటికంటే అడుగున, ఎవరూ ముట్టుకోని చోట, పాడైపోయిన వస్తువులు విప్పి దేనికది వేరుచేసే విద్య ఒకటి ఉంది. పక్కన విరిగిన డాలు బొమ్మ. నేను ముందు గదిలోకి వెళ్ళి పెద్దమ్మని అడిగాను. ఆవిడకి ఆట అంటే ఏమిటో తెలియదు. ఎక్కడో దూరదేశంలో పిల్లలకి పని నేర్పే చోటు ఉందని, దూదిని అక్కడికి పంపించామని అనుకుంది. అందుకే చాలా శ్రద్ధగా విన్నది.

"ఆ పిల్ల ఎవరింటి పిల్ల?"

"మనింటి పిల్లే పెద్దమ్మా. నా తరఫున వెళ్ళింది."

"అయితే ఇంక అడగడమెందుకు. ముందు విప్పడం నేర్పించు. మిగతావి అవే వస్తాయి."

నా పాయింట్లన్నీ దానికే పెట్టేశాను. అన్నయ్య చూసి తల పట్టుకున్నాడు. "ఒసేయ్, అన్నీ దానికే పెట్టావా? ఒక్కటన్నా కత్తికి మిగల్చలేదా? కోడిపిల్ల ముక్కుతో పొడిచినా చచ్చిపోద్ది నీ దూది." వాడి స్నేహితులు చాలా రోజులు నవ్వారు. దూది పొలిమేర దాటలేదు. దాటిన రెండుసార్లూ చచ్చిపోయి మళ్ళీ వాకిట్లోనే లేచింది. దాంతో నేను దాన్ని ఆ ఊరి కోటగుమ్మం పక్కన కూర్చోబెట్టి, వచ్చేపోయే వాళ్ళ విరిగిన సామాన్లు విప్పించేదాన్ని. విప్పితే ఇనుము ఇనుముగా, తోలు తోలుగా, దారం దారంగా వేరయ్యేవి. అవన్నీ వాళ్ళకే ఇచ్చేసేదాన్ని, లోపల దొరికిన రంగురాళ్ళతో సహా. వేరేవాళ్ళ వస్తువులో దొరికింది మనం ఉంచుకోకూడదు కదా. అది ఆటలో ఎవరూ చెయ్యని పని అని నాకు తెలియదు. మెల్లగా గుమ్మం దగ్గర వరస కట్టేవాళ్ళు.

ఆ విద్యకి ఒక పద్ధతి ఉంది. మౌసు బటను నొక్కిపట్టి ఉంచితే తెర మీద ఒక గీత పెరుగుతూ పోతుంది. గీత ఒక పచ్చటి గుర్తు దగ్గరికి వచ్చేసరికి వదలాలి. ఆలస్యమైతే వస్తువు పొడైపోతుంది. ఒక మధ్యాహ్నం పెద్దమ్మ అన్నం తిని వచ్చి నా వెనక స్టూలు మీద కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, చాలాసేపు చూసింది.

"ఈ పనిలో నొక్కడం కష్టమా, వదలడం కష్టమా?"

"వదలడమే పెద్దమ్మా."

"అయితే ఆ చేత్తో చెయ్యి."

ఏ చెయ్యో చెప్పలేదు. అన్నయ్య తెర మీంచి తల తిప్పాడు. "దాంతో ఎట్టా పెద్దమ్మా? నొక్కింది నొక్కినట్టే ఉంటది. జనాల సామానంతా నాశనం చేసుద్ది."

"నీ సామాను ఇవ్వమాక. ఇచ్చేవాళ్ళే ఇస్తారు."

మర్నాడు పెద్దమ్మ బూరుగుదూదితో అరచెయ్యంత దిండు ఒకటి కుట్టుకొచ్చింది. దాన్ని బల్ల అంచున పెట్టి, నా మణికట్టు దాని మీద పెట్టి, చెయ్యి మౌసు మీదకి కిందికి వాలేలా సర్దింది. అప్పుడు చూశాను, మణికట్టు కిందికి వంగితే పిడికిలి బిగువు కొంచెం తగ్గుతుంది. వేళ్ళు లాగితే తెరుచుకోవు, ఇంకా బిగుసుకుంటాయి. మణికట్టు వంచి ఓపిక పడితే వాటంతట అవే వదులవుతాయి. రోజూ నూనె రాస్తూ రాస్తూ ఆవిడ అది కనిపెట్టింది. నాకు మాత్రం ఒక్కసారీ చెప్పలేదు, చేసి చూపించిందంతే. ఇక ఆ వేసవంతా ఒకటే పని. పొద్దున మొన అరగదీసిన దబ్బనం నా పిడికిలి సందులోకి దూర్చి, పాత పరుపు ముడి కింద పెట్టించి, లాగించి, వదిలించేది. మధ్యాహ్నం ఆటలో దూది. పట్టుకోవడానికి ఏ కష్టమూ లేదు, వదలమంటేనే నా చెయ్యి నా మాట వినేది కాదు. దబ్బనం కింద పడెయ్యడానికి నేను పడ్డ పాట్లు చూస్తే, ఎవరైనా అది బంగారమనుకునేవాళ్ళు.

అన్నయ్య అన్నట్టే చాలా నాశనం చేశాను. గీత పచ్చటి గుర్తు దాటి పోయేది, నేను చూస్తూ ఉండేదాన్ని, వేలు కదిలేది కాదు. పొడి. వరస తగ్గిపోయింది. అయినా రోజూ వచ్చిన మనిషి ఒకతను. పిడుగురాళ్ల నుంచి ఆడేవాడు, సున్నపు బట్టీల పక్కన ఏదో సెంటర్లో కూర్చుని. అతన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవాడు. అన్నయ్య అతనికి సంగతి చెప్పినట్టున్నాడు. రోజూ ఏదో ఒక విరిగిన వస్తువు తెచ్చి దూది ముందు పెట్టేవాడు. పొడైపోగానే, "పర్లేదక్కా, ఇంకోటి ఉంది" అని రాసేవాడు. ఎన్ని ఉన్నాయో. మంచివి కూడా తెచ్చి విరగ్గొట్టి ఇస్తున్నాడేమోనని తర్వాత అన్నయ్యకి అనుమానం వచ్చింది. ఆ అబ్బాయి ఎక్కడున్నా అల్లా చల్లగా చూడాలి. నా నమాజుల్లో అతనికి పేరు లేదు, ఇంకోటి ఉంది అన్న అబ్బాయి అని చెప్పుకుంటాను. పైవాడికి అర్థమవుతుంది.

వేసవి చివరికి వచ్చింది. మిరపకాయలు కల్లాల మీంచి ఎత్తేశారు, పత్తికట్టె పీకి పొయ్యిల కింద పెట్టుకుంటున్నారు. నాయన గుంటూరు ప్రయాణానికి బట్టల సంచి దించి దులిపి మేకుకి తగిలించాడు. దాని వైపు చూడకుండా ముందు గదిలో తిరగడం నాకు చేతకాలేదు. ఆ మధ్యాహ్నం పిడుగురాళ్ల అబ్బాయి ఒక ఇనుప చొక్కా తెచ్చాడు. అన్నయ్య జట్టంతా కళ్ళు పెద్దవి చేసింది, అలాంటిది వాళ్ళ దగ్గర లేదు. "అక్కా, ఇది ఒక్కటే ఉంది" అని రాశాడు. ఇంకోటి ఉంది అనలేదు.

"ఎడమచేత్తో చెయ్యవే, నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు అన్నయ్య.

నేను వెనక్కి చూశాను. పెద్దమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. దిండు మీద మణికట్టు పెట్టాను. బటను నొక్కాను. గీత బయల్దేరింది. నేను తెర వైపే చూస్తున్నాను, అన్నయ్యా వాడి స్నేహితులూ తెర వైపే చూస్తున్నారు. గీత పచ్చటి గుర్తులోకి వచ్చిందో రాలేదో, కరెంటు పోయింది. నాలుగు తెరలూ ఒకేసారి నల్లబడ్డాయి. కూలరు మూలిగి ఆగింది. ఎవరో బల్ల మీద కొట్టారు. అన్నయ్య కరెంటు వాళ్ళని తిట్టడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపు వచ్చింది. ఇక వేసవి అయిపోయినట్టే అనిపించింది.

"వదిలింది" అంది పెద్దమ్మ.

"ఏం వదిలింది పెద్దమ్మా, కరెంటు పోతే."

"పోకముందే వదిలింది. నేను చూశా."

అందరం తెర వైపు చూస్తుంటే ఆవిడొక్కతే నా చేతి వైపు చూస్తూ కూర్చుందని అప్పుడు తెలిసింది. నా వేలు బటను మీద లేదు. పైకి లేచి, గాలిలో ఉంది. దాని పక్క వేలు కూడా. కరెంటు సాయంత్రానికి గాని రాలేదు. వచ్చాక అన్నయ్య తలుపు వేసి, పెద్దమ్మనీ నన్నూ పక్కన కూర్చోబెట్టుకుని ఆట తెరిచాడు. దూది గుమ్మం దగ్గరే ఉంది. దాని సంచిలో ఇనుము, తోలు, దారం, దేనికది. పెద్దమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "దారం తెగలేదుగా?" అని అడిగింది. లేదు పెద్దమ్మా అన్నాను.

గుంటూరులో డాక్టరుగారు చెయ్యి చాపమన్నారు. నేను మణికట్టు వంచి ఆగాను. వేళ్ళు ఒక్కొక్కటే వచ్చాయి, చివరి రెండూ సగమే వచ్చాయి, అన్నిటికంటే ఆఖరున బొటనవేలు. ఆయన మళ్ళీ చెయ్యమన్నారు. మళ్ళీ చేశాను. ఆపరేషన్ ఇప్పుడు వద్దు, చేస్తున్నదేదో ఆపకండి అన్నారు. నాయనా నేనూ బస్టాండుకి వచ్చాం. అక్కడ బత్తాయిలు కొని ఒకటి తీసి నా కుడిచేతిలో పెట్టాడు. దర్శి వచ్చేదాకా పట్టుకునే కూర్చున్నాను. దిగేముందు ఆయన అరచెయ్యి చాపితే, మణికట్టు వంచి, దాన్ని ఆ చేతిలో వదిలాను. నాయన పోయి చాలా కాలమైంది. ఆయన మొహం తలుచుకుంటే నాకు కనపడేది ఆ బస్సు కిటికీ వెలుతురులోని మొహమే.

ఆ విల్లు ఇప్పుడు అటక మీద ఉంది, తంతి తీసేశాం. పరుపులు ఇప్పుడు అట్టపెట్టెల్లో చుట్టలు చుట్టుకుని వస్తున్నాయి, పాడైతే విప్పేవాళ్ళు లేరు, పారేస్తారు. దర్శి బయట రోడ్డు పక్కన అలాంటివి వానకి నాని పడి ఉంటాయి. లోపల ఏ వాసనా ఉండదు. నా బతుకు దిండ్లూ పసిపిల్లల బొంతలూ కుట్టడంలో గడిచింది, అడిగినవాళ్ళకి ఇంట్లోనే అక్షరాలు దిద్దించడంలో గడిచింది. చివరి రెండు వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా రావు. రానివాటి సంగతి నేను అడగలేదు, వచ్చినవాటితో తస్బీ పూసలు జరుపుకుంటున్నాను. అన్నయ్య కంప్యూటర్లు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు. దూది ఉన్న ఆటని కూడా మూసేశారట. పెట్టిన పాయింట్లు వెనక్కి రాని ఆట అది. ఆ రోజుల్లో అది కఠినంగా అనిపించేది. వెనక్కి వచ్చేదైతే మొదటి చావుకే తీసి కత్తికి పెట్టేసేదాన్ని. అప్పుడు నా చెయ్యి ఏమై ఉండేదో నాకు తెలియదు. నస్రీన్ కాలం దయగల కాలం, ఒక యాడ్ చూస్తే చేసింది చెరిగిపోతుంది. పరిచిన దూది మీద అక్షరం కూడా అలాగే చెరిగేది కదా అని మళ్ళీ నాకే అనిపిస్తుంది. ఏది మంచిదో తేల్చుకోలేను. కాకపోతే ఆ దూదిని తట్టిన చెయ్యి మళ్ళీ అదే అక్షరం రాయించేది.

మర్నాడు నస్రీన్‌ని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. మొన అరిగిన దబ్బనం దాని చేతిలో పెట్టాను. అది అటూ ఇటూ తిప్పి చూసి, బుగ్గకి ఆనించుకుని, గుచ్చుకోవట్లేదే అంది. తర్వాత ఫోను తీసింది.

"అత్తా, నేను మాత్రం కత్తికే పెడతాను. ఏమీ అనుకోవుగా?"

"ఏమనుకుంటాను. నీ ఇష్టం."

"విప్పడానికి నువ్వున్నావుగా."

ఆ పిల్లకి చెప్పనిది ఒకటి ఉంది. పెద్దమ్మకి ఆఖరి స్నానం చేయించిన ఆడవాళ్ళలో నేనూ ఉన్నాను. వేణ్ణీళ్ళలో రేగాకు వేసి, కర్పూరం పక్కన పెట్టుకుని, తెల్లగుడ్డ మాటున కడుగుతున్నాం. ముందు కుడివైపు కడగాలి. కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుని ఉంది. ఆఖరి రోజుల్లో తస్బీ అందులోనే ఉండేది, దాన్ని తీసేసినా చెయ్యి ఇంకా దాన్ని పట్టుకునే ఉంది. పెద్దావిడ ఒకామె వేళ్ళు లాగబోయింది. తెరుచుకోలేదు. ఉండమ్మా, నేను చేస్తాను అన్నాను. పెద్దమ్మ చెయ్యి నా ఎడమ అరచేతిలో పెట్టుకున్నాను. కుడిచేత్తో మణికట్టు పట్టుకుని, లాగకుండా, మెల్లగా కిందికి వంచి, ఓపిక పట్టాను. ముందు చిటికెన వేలు వచ్చింది. తర్వాత మిగతావి. ఆఖరున బొటనవేలు. బిస్మిల్లా అని అరచేతిలో నీళ్ళు పోశాను. వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి.